చలిని కోరు చెట్టు, కోనసీమ పెరడు

2020వ సంవత్సరము కార్తికమున, క్షీరాబ్ది ద్వాదశి నాటి సాయంకాలము, మా వీధి చివరి ఇంటి పెద్దమ్మగారు ఇత్తడి పళ్ళెము చేతబట్టుకొని మా గుమ్మములోనికి వచ్చి, "బాబూ, ఉసిరి కొమ్మ ఒకటి ఇప్పించండి, తులసికోట దగ్గర పెట్టుకోవాలి" అని అడిగినారు. ఆమెకు చూపు మందగించి చాల కాలమైనది. ఏటేటా ఆ దినమున మా పెరటి ఉసిరిచెట్టు నుండి వీధిలో పది పదునైదు ఇండ్లకు కొమ్మలు పోవుట వాడుక. ఆ చెట్టు లేదనియు, అంతకు ముందటి ఏడు నేనే దానిని కొట్టించినాననియు ఆమెకు తెలియదు. తూర్పు వైపు మెరకపై వెదురుకర్రకు కట్టి నిలిపిన నడుమెత్తు పరదేశపు మొక్కను చూపి ఆమెకు ఏమని చెప్పవలెనో నాకు తోచలేదు. బజారులో కొమ్మలు అమ్ముచున్నారని మాత్రము చెప్పి పంపినాను.

ఆ పరదేశపు మొక్క పీచ్. మా కోనసీమలో ఈ పేరు చెప్పుటయే ఒక చిక్కు. గుంత తీయుటకు వచ్చిన కూలిమనిషితో "పీచు మొక్క పెట్టాలి" అన్నచో, "కొబ్బరి పీచుకి మొక్కేంటండీ?" అని అతడు తెల్లబోయినాడు. ఇప్పుడు తలచుకొన్నచో ఆ ప్రశ్నలోనే నాకు కావలసిన సమాధానము కొంత ఉన్నది.

ఈ పత్రికలో సాధారణముగా ఏ చెట్టు ఏ వ్యాధికి ఉపకరించునో వ్రాయుట ఆచారము. ఈ మారు ఒక చెట్టును ఎక్కడ నాటరాదో వ్రాయుచున్నాను. నలుబది ఏండ్లుగా రాజోలులో వైద్యము చేయుచు, వచ్చిన ప్రతి రోగికి దేశకాలములను గూర్చి ఉపన్యసించిన నేను, నా పెరటి విషయమున ఆ రెండింటిని మరచినాను. ఇటీవల మా ప్రాంతమున ఆపిల్, పీచ్, చెర్రీ మొక్కలు కొని తెచ్చి పెరటిలో నాటు ముచ్చట పెరుగుచున్నది. ఫోనులో బొమ్మ చూచుట, డబ్బు పంపుట, వారము తిరుగకుండ మొక్క ఇంటికి చేరుట. ఆ ముచ్చట గలవారు నా కథ వినిన పిదప డబ్బు పంపవలెనో లేదో వారే నిర్ణయించుకొనవచ్చును.

2018వ సంవత్సరము ఆగస్టు మాసమున నేను న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటనుంటిని. అది ఆ సీమలో పీచ్ పండ్ల కాలము. వారి ఇంటి వెనుక ఒకే ఒక్క చెట్టు, రెండు నిలువుల ఎత్తైనను లేదు, కొమ్మలు నేలకు వ్రాలునట్లు కాచినది. ఉదయపు ఎండలో వెచ్చబడిన పండును చెట్టు నుండి కోసి మా మనుమడు నా చేతిలో పెట్టినాడు. కొరికినంతనే రసము మోచేతి వరకు కారినది. మన బంగినపల్లి మామిడి ముందు నిలుచునా అన్న ప్రశ్నను ప్రక్కన బెట్టుదము. ఆ పండు రుచి వేరు, సుగంధము వేరు. శీతకాలమున మంచు మోకాలి లోతున పడు చోట ఈ చెట్టు ఎట్లు బ్రతుకునని అడిగినాను. "ఇది చలికి తట్టుకొనే రకం నాన్నగారూ" అని అమ్మాయి చెప్పినది.

ఆ ఒక్క మాట నా చెవిలో నిలిచిపోయినది. మంచునే ఓర్చుకొను చెట్టు మన గోదావరి గట్టున ఎందుకు బ్రతుకదని అనుకొన్నాను. బలవంతుడు ఎక్కడైనను బలవంతుడే కదా అను తర్కము! తిరిగి వచ్చిన మరుసటి యేడు ఒక మొక్కల వ్యాపారి వద్ద నుండి అంటుమొక్కను తెప్పించినాను. దానికి కట్టిన చీటీపై చలికి తట్టుకొను రకమనియు, మూడవ ఏట కాపు ననియు అచ్చు వేసియున్నది. ఇక స్థలము. పీచ్ చెట్టునకు దినమంతయు ఎండ కావలెను. మా పెరడంతయు కొబ్బరి నీడ. ఎండ పడు మెరక ఒక్కటే, అందు ఉసిరిచెట్టు ఉన్నది. దానిని మా తండ్రిగారు గింజ వేసి పెంచినారు. 1996 నవంబరు 6 నాటి తుపానులో మా పెరటి కొబ్బరిచెట్లు సగము కూలినను అది కొమ్మలు విరిగి నిలిచినది. నా వైద్యమునకు కావలసిన త్రిఫలములలో కరక, తాని కాయలను బయట కొన్నను, ఉసిరి వరుగు మాత్రము ఆ చెట్టు కాయలతో ఇంటనే ఎండబెట్టుకొనుచుంటిమి.

"కాసే చెట్టును కొట్టించి, కాస్తుందో లేదో తెలియని చెట్టును పెడతారటండీ?" అని నా భార్య ఒక్కసారి అడిగినది. రెండవసారి అడుగలేదు. 2019 మార్గశిరమున ఉసిరిని కొట్టించి పీచ్ నాటించినాను.

ఇప్పుడు ఆ చీటీలోని మాట అర్థము చెప్పవలెను. పీచ్ చెట్టు పుట్టినిల్లు చీనా దేశము. పారశీకము మీదుగా ఐరోపాకు చేరినందున శాస్త్రనామములో పెర్సికా అను మాట చేరినది. ఇది ఆకు రాల్చి శీతకాలమంతయు నిద్రపోవు జాతి. వేసవి చివరననే మరుసటి ఏటి పూమొగ్గలను కొమ్మపై కట్టుకొని, వాటికి తాళము వేసి పడుకొనును. ఆ తాళమును తీయునది ఎండ కాదు, చలి. గడ్డకట్టు స్థితికి పైన, 7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన, ఇన్ని గంటలు గడచినవని చెట్టు తనలో తాను లెక్కించుకొనును. లెక్క పూర్తియైన పిదపనే వెచ్చదనము తగిలినచో మొగ్గ విచ్చును. నడిశీతకాలములో రెండు దినములు ఎండ కాచినంత మాత్రాన మోసపోయి పూచి మంచుకు మాడిపోకుండుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది.

చలికి తట్టుకొను రకములని పేరు పొందినవాటిలో రిలయన్స్ ఒకటి. దానిని అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయము 1964లో విడుదల చేసినది. సున్నకు ముప్పది డిగ్రీల దిగువ చలిలో కూడ దాని మొగ్గలు బ్రతుకునని ప్రసిద్ధి. అయితే ఆ చెట్టు మేలుకొనుటకు సుమారు 1000 గంటల చలి కావలెను. అనగా రాత్రింబవళ్ళు ఎడతెగక లెక్కించినను నలుబది దినములకు పైన. చలికి తట్టుకొనుట యనునది దాని గుణములో ఒక సగము, చలి లేక జీవించలేకుండుట రెండవ సగము. చీటీ మొదటి సగమును మాత్రమే చెప్పినది. నేనును అంతవరకే చదివినాను.

రాజోలులో ఆ చలి ఎన్ని గంటలుండును? సముద్రము చేరువ, వసిష్ఠ పాయ ప్రక్కన, చుట్టును కాలువలు, చెరువులు, వరిచేలు. నీరు పగటి వేడిని దాచుకొని రాత్రికి విడుచును. పుష్యమాసపు తెల్లవారుజామున మనము దుప్పటి కప్పుకొని చలి చలి యనుకొనునప్పుడు కూడ ఉష్ణమాపకము పదునెనిమిది డిగ్రీల ప్రాంతమున నిలుచును. మరీ చలిగాలి వీచిన నాడు ఒకటి రెండు డిగ్రీలు దిగును. 7 డిగ్రీలకు దిగువన గడచు గంటలు మా ఊర సంవత్సరమునకు సున్న. వేయి గంటలు కావలసిన చెట్టునకు సున్న గంటలు! లెక్క ఇంత సులభము. చెట్టు నాటుటకు ముందు వేసికొనవలసిన ఆ లెక్కను నేను రెండేండ్ల పిదప వేసినాను.

చెట్టు ఏమైనదో వినుడు. మొదటి ఏడు నిగనిగలాడుచు పెరిగినది, చూచినవారందరు మెచ్చినారు. ఈ మొదటి ఏడే అందరిని మోసగించునది, నర్సరీ పోషణలో దాచుకొన్న బలము ఇంకను దానిలో ఉండును గనుక. శీతకాలము వచ్చినది, ఆకు పూర్తిగా రాలలేదు. సగము పండి, సగము పచ్చగా, నిద్రకును మెలకువకును నడుమ చిక్కినట్లు నిలిచినది. ఫాల్గుణమున కొమ్మల కొసలలో మాత్రము నాలుగు ఆకుల గుత్తులు వచ్చినవి, క్రింద కొమ్మ పొడుగునా కన్నులు తెరువలేదు. మొగ్గలు కొన్ని ఎండి రాలినవి. మూడవ ఏట మ్రానుపై బంక కారుట మొదలైనది.

శరీరమును నిలుపు మూడు ఉపస్తంభములలో నిద్ర ఒకటని మన శాస్త్రము చెప్పును. నిద్ర పట్టని మనిషికి ఆకలి చెడును, వర్ణము చెడును, చిన్న జ్వరమే పెద్దదగును. నా కన్నుల యెదుట ఆ చెట్టు పొందిన అవస్థ సరిగా అదియే. దానికి ఎరువు తక్కువ కాలేదు, నీరు తక్కువ కాలేదు. దాని నిద్ర నేను ఇయ్యగలిగినది కాదు. ఉదయము పూట కుదుళ్ళలో మంచుగడ్డలు వేయమని ఒకరు సలహా ఇచ్చినారు. పది దినములు అదియు చేసినాను. ఆ సంగతి మా అమ్మాయికి ఇంతవరకు తెలియదు.

అప్పటికి గాని నాకు తెలిసినవారిని అడుగు బుద్ధి పుట్టలేదు. కడియము ప్రాంతమున అంట్లు కట్టుటలో చేయి తిరిగిన ఒక వృద్ధుడు నా వద్దకు మోకాళ్ళ నొప్పులకై వచ్చుచుండును. ఆయనను పెరటిలోనికి తీసికొనిపోయి చూపినాను. ఆయన ఒక కొమ్మను గోటితో గీరి చూచి, "ఆయ్, చెట్టు నాలుగు రోజులు బతుకుద్దండి, కాయదండి. దీనికి చలి పడాలండి. మనకెక్కడ పడుద్దండి?" అన్నాడు. మూడు ఏండ్లు, ఒక ఉసిరిచెట్టు వ్యయము చేసి నేను తెలిసికొన్న విషయము ఆయనకు గోటి చివర ఉన్నది.

2022 జూలై మాసపు గోదావరి వరద మిగిలిన పని పూర్తి చేసినది. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటిన దినములవి. లంక గ్రామములు మునిగినవి. మా వీధిలోనికి ఏరు రాలేదు గాని భూగర్భజలము పైకి ఊరి పెరటి నేల వారము దినములు చిత్తడియై ఉన్నది. పీచ్ వేరు గాలి తగులని నేలలో మూడు నాలుగు దినములైనను ఓర్వజాలదు. ఆకు వాడినది, మరి లేవలేదు. కొబ్బరికి, అరటికి, కరివేపాకునకు ఆ చిత్తడి ఒక లెక్క కాదు. కొబ్బరికైనను హద్దు కలదనుకొనుడు. మా ప్రాంతముననే శంకరగుప్తము డ్రెయిన్ వెంట సముద్రపు పోటునీరు ఎగదన్ని నిలిచిన చోట్ల కొబ్బరిచెట్లు తల లేని మోడులగుచున్నవి. ఈ నేలను ఎరిగిన చెట్టే ఉప్పునీటికి చచ్చుచుండగా, ఈ నేలను కలలోనైన ఎరుగని చెట్టును నేను తెచ్చి నిలిపినాను.

వైద్యుడనైన నాకు ఇది ముందే తెలిసియుండవలసిన కారణము మరియొకటి కలదు. మన శాస్త్రకారులు భూమిని జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడుగా విభజించినారు. చరకసంహిత కల్పస్థానములో ఆనూపదేశ వర్ణనము చదువుడు. నదులు, సముద్రము చుట్టుకొని, కొబ్బరి, అరటి వనములు దట్టముగా నుండి, చల్లని తడిగాలి వీచుచుండు ప్రదేశమని యున్నది. రాజోలు నుండి అంతర్వేది వరకు బస్సులో ఒక్కసారి ప్రయాణము చేసినవారికి ఆ వర్ణనము ఏ సీమదో చెప్పనక్కరలేదు. ఈ దేశమున వాత కఫములు అధికము, మనుష్యులకు మృదువైన శరీరములు. కావున ఔషధమును, ఆహారమును ఆ దేశమును బట్టి ఎంచవలెను. ఏ దేశమున పుట్టినవానికి ఆ దేశమున పుట్టిన ఔషధము హితమన్న సూత్రము వైద్య విద్యార్థులందరికిని కంఠస్థమే. రోగికి మాత్రమే వర్తించునని మనము అనుకొందుము. చెట్టునకును ఒక దేశము కలదు.

పీచ్ పండును మన పూర్వులు బొత్తిగా ఎరుగరని కాదు. చరకుని ఫలవర్గమున ఆరుకమను పండు కలదు. కొందరు దానిని పీచ్ అనియు, మరికొందరు ప్లమ్ జాతి అనియు నిర్ణయించినారు. పండిన ఆరుకము తీయనిది, నోటికి ఇంపైనది, శరీరమునకు పుష్టినిచ్చి త్వరగా జీర్ణమగునది, దోషములను అంతగా పెంచనిదని దాని గుణములు చెప్పబడినవి. ఏదైనను అది హిమాలయ సానువుల పండు. అక్కడ కాయించుకొని ఇక్కడికి తెచ్చుకొన్నచో ఎవరికిని అభ్యంతరము లేదు. హిమాచల ప్రదేశములో సిర్మౌర్ జిల్లా రాజ్‌గఢ్ పీచ్ తోటలకు ప్రసిద్ధి. వేసవిలో మంచి పండు దొరికినప్పుడు కొని తినుడు. దాని కొరకు ఇంటి చెట్టును నరుకవలదనియే నా మాట.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు చెప్పుదురు. తక్కువ చలితో కాయు రకములు వచ్చినవి కదా అందురు. నిజమే. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు రూపొందించిన ఫ్లోరిడా ప్రిన్స్ వంటి రకములకు 150 గంటల చలి చాలును. పంజాబు మైదానములలో షాన్-ఎ-పంజాబ్ వంటి రకములు కాయుచున్నవి. అయితే జనవరిలో లూధియానా రాత్రులు నాలుగైదు డిగ్రీలకు దిగును. నూటయేబదికిని సున్నకును గల దూరము, వేయికిని సున్నకును గల దూరము కన్న చిన్నదే గాని, రెండును దాటరానివే. కుమరం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు ఆపిల్ కాయించి 2020లో వార్తలకెక్కలేదా అని మరియొక ప్రశ్న. కాయించినాడు, మెచ్చవలసినదే. అది హిమాచల ప్రదేశపు హరిమన్ శర్మగారు వెచ్చని సీమలకై వృద్ధి చేసిన ఆపిల్ రకము, ఆ ఆదిలాబాదు సీమ శీతకాలపు రాత్రులు మనవి వంటివి కావు. అది తెలంగాణమున చలికి పేరు మోసిన ప్రాంతము. ఒక సీమలో గెలిచిన ప్రయోగమును చూపి మరియొక సీమలో మొక్కలు అమ్ముట న్యాయము కాదు.

మన రాష్ట్రముననే ఈ ముచ్చట తీర్చుకొనదగిన చోటులు కలవు. లంబసింగిలో కొన్ని రాత్రులు నీరు గడ్డకట్టు వరకు చలి దిగును. అచ్చట, చింతపల్లి ప్రాంతమున హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఆపిల్ మొక్కలు నాటించి పరీక్షించినారు. ఆ కొండలపై నివసించు పాఠకులెవరైనను పెరటిలో ఒక పీచ్ మొక్క నాటదలచినచో నాటవచ్చును. అయితే వారు కోరవలసినది తక్కువ చలి చాలు రకమును గాని, చలికి తట్టుకొను రకమును కాదు. ఈ రెండు మాటలను ఒకటిగా వినుటయే నా పెరటిని పాడు చేసినది.

అమ్మువారికిని ఒక మాట చెప్పవలసియున్నది. మందుసీసాపై మోతాదు లేకున్నచో మనము ఊరకుందుమా? చలి కోరు ప్రతి మొక్క చీటీపై అది ఎన్ని గంటల చలిని కోరునో అచ్చు వేయవలెను. ఆ అంకె విత్తన శాస్త్రజ్ఞులకు, అంటు కట్టువారికి తెలిసినదే. దానిని వదలి మూడవ ఏట కాపు అని మాత్రము వ్రాయుట, పథ్యము చెప్పక మందు అమ్మినట్లు. కొనువారు కూడ ఆ అంకెను అడిగి గాని డబ్బు ఇయ్యరాదు.

ఈ పత్రికను విదేశములలో చదువు తెలుగువారు అనేకులు గలరు. న్యూజెర్సీ, మిషిగన్, ఒంటారియో వంటి చోటుల ఇల్లు గలవారికి నా సలహా దీనికి పూర్తిగా విరుద్ధము. మీ పెరటిలో పీచ్ తప్పక నాటుడు. ఒక్క చెట్టు చాలును, తన పుప్పొడితోనే తాను కాయును. మా అమ్మాయి చెట్టును చూచుచు తెలిసికొన్నది, తరువాత చదివినది చెప్పుచున్నాను. అక్కడ కాపును తరచు చెరచునది పూత సమయమున పడు ఆలస్యపు మంచు. కావున చల్లగాలి దిగి నిలుచు పల్లమున గాక, కొద్దిపాటి ఏటవాలున, నీరు నిలువని నేలను ఎంచుకొనవలెను. వేసవి నడిమి దాటిన పిదప ఎరువు వేయరాదు, వేసినచో లేత చివుళ్ళు ముదురక మంచుకు బలియగును. పీచ్ కిందటి ఏటి రెమ్మపైననే కాయును గనుక ఏటేటా చలి చివర కత్తిరింపు తప్పదు. నడుమ ఖాళీగా, గిన్నె వలె వెలుతురు లోనికి పడునట్లు కొమ్మలను ఉంచవలెను. పిందెలు గోలీలంత ఉన్నప్పుడు జానెడు దూరమునకు ఒకటి చొప్పున నిలిపి తక్కినవి గిల్లివేయవలెను. మనవారికి పిందెలు గిల్లుటకు చేయి రాదు! గిల్లకున్నచో కాయ గోలీ మీద రవంత పెరుగును, కొమ్మ విరుగును. ఆకులు ముడుచుకొని ఎర్రబారు తెగులు వచ్చు చోట ఆకు రాలిన పిదపగాని, మొగ్గలు ఉబ్బక మునుపుగాని రాగి మందు చల్లవలెను, ఆకు ముడుచుకొన్న పిదప చల్లినచో ఫలము లేదు. చెట్టు ఆయువు పదునైదు ఏండ్లకు మించి ఆశింపరాదు.

మా అమ్మాయి అక్కడ కుండీలో కరివేపాకు మొక్కను పెంచుచున్నది. అక్టోబరు రాగానే దానిని ఇంటిలోనికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టును, మే మాసమున మరల బయట పెట్టును. ఆ మొక్కకు ఏమి కావలెనో దానికి తెలిసినది. తండ్రికి తెలియలేదు.

పీచ్ గింజను గూర్చి ఒక హెచ్చరిక చేయక ముగింపరాదు. గట్టి టెంకలోపల బాదము పప్పును పోలిన పప్పు ఉండును. దానిని బలమునకై తినుట, పుట్టకురుపు నయమగునని తినుట మంచిదని ఫోనులలో తిరుగు వ్రాతలను నా రోగులే నాకు చూపినారు. ఆ పప్పులోని అమిగ్డలిన్ అను పదార్థము నమిలినప్పుడు సైనైడ్ విషమును పుట్టించును. అమిగ్డలిన్‌తో చేసిన మందు కేన్సరుపై పనిచేయదని అమెరికాలో రోగులపై జరిపిన పరీక్షలో తేలి 1982లో ప్రకటింపబడినది. పండు తినుడు, టెంక పారవేయుడు. పిల్లల చేతికి ఆ పప్పు ఇయ్యరాదు.

పోషణ విషయమున లెక్క చూచినను నేను కోల్పోయినది ఎక్కువ. వంద గ్రాముల పీచ్ పండులో సి విటమిన్ పది మిల్లీగ్రాములు దాటదు. జామపండులో రెండు వందలకు పైన ఉండును, ఉసిరిక దానిని కూడ మించును. రక్తము తక్కువగా నున్న ఆడపిల్లకు ఖరీదైన పరదేశపు పండ్లు తెచ్చిపెట్టుచు, దొడ్డిలో జామపండ్లను కాకులకు వదలు తల్లిదండ్రులను నేను వారము వారము చూచుచున్నాను. అన్నముతో పాటు జామ, ఉసిరి వంటివి తిన్నచో ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టును. లేత జామాకుల కషాయము పుక్కిలించినచో నోటిపూత తగ్గును. ఉసిరిక రసము రెండు చెంచాలలో చిటికెడు పసుపు కలిపి ఉదయమున సేవించుట ప్రమేహమున శాస్త్రోక్తమైన యోగము. అయితే మధుమేహమునకు మాత్రలు వాడువారు వాటిని మానరాదు, తమ వైద్యునికి చెప్పియే దీనిని ఆరంభింపవలెను. చెట్టు లేని ఈ ఏండ్లలో నేను బజారు వరుగు కొని త్రిఫల చూర్ణము చేసినాను. నల్లబడి, బూజు వాసన గల సరుకును రెండు మారులు తిరుగగొట్టవలసి వచ్చినది.

కోనసీమ పెరటిలో స్థలము చిన్నది. కొబ్బరి, అరటి పోగా ఎండ పడు చోటు రెండు మూడు గజములు మిగులును. అందు ఏమి నాటవలెనని అడుగువారికి నేను జామ, పంపరపనస, నేరేడు, మునగ అని చెప్పుచున్నాను. మెరక ఉన్నచో ఉసిరి. ఒక పనసచెట్టు ఉన్నచో పొట్టు కూరకు ఇంకొకరి గుమ్మము త్రొక్కనక్కరలేదు. పనస కూడ నిలువ నీటికి ఓర్వదు, దానికిని మెరకయే కావలెను. కొత్త మొక్కను గూర్చి సందేహము గలవారికి అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రము కూతవేటు దూరముననే ఉన్నది.

2023లో పీచ్ మోడును త్రవ్వించి, అదే గుంతను పూడ్పించి, మట్టి ఇంకొక మూరెడు ఎత్తు పోయించి ఉసిరి అంటును నాటినాను. ఇప్పుడది నా తలను దాటినది, ఇంకను కాపు పట్టలేదు. 2025 క్షీరాబ్ది ద్వాదశి నాడు చెట్టు నొచ్చుకొనకుండ ఒక చిన్న రెమ్మను కోసి, ఎవరును అడుగకమునుపే వీధి చివరి ఇంటికి నేనే తీసికొనిపోయినాను. పెద్దమ్మగారు దానిని చేతితో తడవి, ఆకులను వ్రేళ్ళతో దువ్వి, "ఇది అంటుమొక్కది కదూ బాబూ? పాత చెట్టు ఆకు ఇంత వెడల్పు ఉండేది కాదు" అన్నారు. అవునన్నాను. నాటు చెట్టు కావలెనన్నచో తమ పుట్టింటి దొడ్డిలో ఒకటి ఉన్నదనియు, మనుమని చేత నాలుగు కాయలు తెప్పించెదననియు చెప్పి, రెమ్మను పళ్ళెములో పెట్టుకొని తులసికోట వైపు నడచినారు.